గీత మీద కర్సర్ పెట్టే ముందు: సర్క్యూట్ సిమ్యులేషన్ గ్రాఫుల నుంచి కొలతలు తీయడం

అందరికీ నమస్కారం.

ఈ పూట ఒకే ఒక్క పని గురించి మాట్లాడుకుందాం. సర్క్యూట్ గీశారు, రన్ నొక్కారు, గ్రాఫ్ వచ్చింది. ఆ గ్రాఫ్ నుంచి రికార్డులో ధైర్యంగా రాసుకోదగ్గ అంకె ఎలా తీయాలి? రైజ్ టైమ్ (సిగ్నల్ పైకి ఎక్కడానికి పట్టే కాలం) ఎంత, కటాఫ్ (సిగ్నల్ పడిపోవడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) ఎంత, రిపుల్ (డీసీ మీద మిగిలిపోయే అల) ఎంత, ఆర్‌ఎంఎస్ (అంతే వేడి పుట్టించే డీసీ విలువ) ఎంత? ల్యాబులో సర్క్యూట్ గీయడానికి ఇచ్చే శ్రద్ధ కొలతకు ఇవ్వరు. మౌస్‌ను గీత మీదకు జరిపి, కింద కనిపించిన అంకె రాసేసుకుంటారు. వైవాలో "ఈ విలువ ఎలా వచ్చింది?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

నేను ఎల్‌టీస్పైస్‌లో చూపిస్తాను. ఉచితంగా దొరుకుతుంది కాబట్టి ఇంటికి వెళ్లాక మీరూ చేసి చూడొచ్చు. లీనియర్ టెక్నాలజీ కంపెనీలో మైక్ ఎంగెల్‌హార్ట్ రాసిన సాఫ్ట్‌వేర్ ఇది. 2017లో ఆ కంపెనీ అనలాగ్ డివైసెస్ చేతికి వచ్చాక వాళ్లే దీన్ని నడుపుతున్నారు. మీ కాలేజీలో పీస్పైస్ ఉండొచ్చు, మల్టీసిమ్ ఉండొచ్చు, ఐఐటీ బాంబేలోని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఫాసీ వాళ్ల ఈసిమ్ ఉండొచ్చు. బటన్ల పేర్లు మారతాయి. లోపలి లెక్క మాత్రం అన్నిటికీ 1970లలో బర్క్‌లీలో పుట్టిన స్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ ప్రోగ్రామ్ నుంచి వచ్చిందే. కాబట్టి తప్పులు జరిగే చోట్లు కూడా అన్నిటిలో దాదాపు ఒకటే.

ముందుగా తెర మీద ఉన్న గీత ఏమిటో తేల్చుకుందాం. సిమ్యులేటర్ కాలాన్ని ముక్కలు చేసి, ఒక్కో క్షణం దగ్గర ఆగి నోడ్ (సర్క్యూట్‌లో వైర్లు కలిసే చోటు) వోల్టేజీలు లెక్కగడుతుంది. దాని చేతికి వచ్చేవి చుక్కలు. చుక్కకూ చుక్కకూ మధ్య తిన్నని గీత గీసి మనకు చూపిస్తుంది. కర్సర్ నడిచేది ఆ గీత మీద. రెండు చుక్కల నడుమ మీరు కర్సర్ ఆపితే, అక్కడి విలువ ఆ తిన్నని గీత నుంచి తీసిన అంచనా మాత్రమే. సర్క్యూట్‌ను ఆ క్షణంలో ఎవరూ లెక్కగట్టలేదు.

పైగా ఆ ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండవు. వోల్టేజీ నెమ్మదిగా మారుతుంటే సిమ్యులేటర్ పెద్ద అంగలు వేస్తుంది, పల్స్ అంచు దగ్గర చిన్న అంగలు వేస్తుంది. సైన్ వేవ్ విషయంలో దీని దెబ్బ ఎంతో చూడండి. ఒక సైకిల్‌కు 10 చుక్కలే పడ్డాయనుకుందాం. శిఖరానికి అటూ ఇటూ సమదూరంలో రెండు చుక్కలు పడితే, మీకు కనిపించే పీక్ అసలు పీక్ కన్నా 4.9 శాతం తక్కువ. 20 చుక్కలైతే 1.2 శాతం తక్కువ. 50 అయితే 0.2 శాతం. 100 అయితే 0.05 శాతం. అందుకే ఆంప్లిట్యూడ్ కొలవాలంటే ట్రాన్సియెంట్ (కాలంతో పాటు నడిచే రన్) సెట్టింగుల్లో మాగ్జిమమ్ టైమ్‌స్టెప్, అంటే అంగకు పై హద్దు, అనే గడిని ఖాళీగా వదలకండి. సైకిల్ కాలంలో నూరో వంతు ఇవ్వండి. 1 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌కు అది 10 మైక్రోసెకన్లు. రన్ కాస్త ఆలస్యమవుతుంది, ఫైలు పెద్దదవుతుంది. అంతకు మించి నష్టం లేదు.

ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. ఎల్‌టీస్పైస్ లెక్కగట్టిన చుక్కలన్నిటినీ దాచుకోదు. ఫైలు చిన్నగా ఉండాలని, గీత పెద్దగా మారని చోట కొన్ని చుక్కలను వదిలేస్తుంది. కంటికి తేడా తెలియదు కానీ కొలతకు తెలుస్తుంది. స్కీమాటిక్ (గీసిన సర్క్యూట్ బొమ్మ) మీద స్పైస్ డైరెక్టివ్‌గా, అంటే సిమ్యులేటర్‌కు ఆదేశంగా, "డాట్ ఆప్షన్స్ ప్లాట్‌విన్‌సైజ్ ఈక్వల్ టు 0" అని ఒక్క వరుస పెడితే ఈ కుదింపు ఆగిపోతుంది. కొలత కోసం చేసే ప్రతి రన్‌లోనూ ఆ వరుస ఉండాల్సిందేనని నా పట్టుదల. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేస్తే మెనూలో మార్క్ డేటా పాయింట్స్ అని కూడా కనిపిస్తుంది. అది ఆన్ చేస్తే చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో కళ్లతోనే చూడొచ్చు. కొలిచే చోట చుక్కలు దట్టంగా లేకపోతే కర్సర్ ముట్టుకోకండి, వెనక్కి వెళ్లి మళ్లీ రన్ చేయండి.

ఇప్పుడొక కొలత మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. 1 కిలో ఓమ్ రెసిస్టర్, 100 నానో ఫారడ్ కెపాసిటర్. అందరికీ తెలిసిన ఆర్‌సీ లో పాస్. టైమ్ కాన్‌స్టెంట్, అంటే ఆ రెండు విలువలనూ గుణిస్తే వచ్చేది, 100 మైక్రోసెకన్లు. 10 శాతం నుంచి 90 శాతానికి ఎక్కే రైజ్ టైమ్ దానికి 2.197 రెట్లు, అంటే 219.7 మైక్రోసెకన్లు. జవాబు ముందే తెలిసిన సర్క్యూట్ మీద సాధన చేస్తే మన చెయ్యి ఎక్కడ తప్పుతోందో బయటపడుతుంది.

సోర్స్‌కు పల్స్ పెట్టండి. 0 నుంచి 5 వోల్టులు, డిలే 100 మైక్రోసెకన్లు, ఆన్ టైమ్ 1 మిల్లీసెకన్, పీరియడ్ 2 మిల్లీసెకన్లు. రైజ్, ఫాల్ గడుల్లో 1 నానోసెకన్ అని రాయండి. అక్కడ సున్నా రాస్తే ఎల్‌టీస్పైస్ దాన్ని సున్నాగా తీసుకోదు. ఆన్ టైమ్‌ను బట్టి తనే ఒక విలువ వేసుకుంటుంది, ఇన్‌పుట్ అంచు వాలుగా తయారవుతుంది. అప్పుడు మీరు కొలిచే రైజ్ టైమ్‌లో సోర్స్ వాలు కూడా కలిసిపోతుంది. రైజ్ టైమ్ ఎందుకు పెరిగిందో తెలియక కెపాసిటర్ విలువను అనుమానిస్తారు. అందుకే ఇన్‌పుట్ ట్రేస్‌ను (గ్రాఫ్ గీతను) కూడా పక్కనే పెట్టుకుని, దాని అంచు నిటారుగా ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి.

స్టాప్ టైమ్ 2 మిల్లీసెకన్లు, మాగ్జిమమ్ టైమ్‌స్టెప్ 1 మైక్రోసెకన్. అవుట్‌పుట్ నోడ్‌కు "అవుట్" అని లేబుల్ పెట్టండి. లేబుల్ లేకపోతే సాఫ్ట్‌వేర్ తనే ఎన్001, ఎన్002 అని పేర్లు పెడుతుంది. సర్క్యూట్‌లో ఏదైనా మార్చగానే ఆ నంబర్లు మారిపోవచ్చు. నిన్న ఎన్002గా ఉన్న నోడ్ ఇవాళ ఎన్003 కావచ్చు. పాత ప్లాట్ సెట్టింగులు మాత్రం ఎన్002నే చూపిస్తాయి.

రన్ అయ్యాక అవుట్‌పుట్ వైర్ మీద ప్రోబ్‌తో క్లిక్ చేస్తే ట్రేస్ వస్తుంది. గ్రాఫ్ పైన ఆ ట్రేస్ పేరు కనిపిస్తుంది. పేరు మీద లెఫ్ట్ క్లిక్ చేస్తే మొదటి కర్సర్ అతుక్కుంటుంది. రెండూ కావాలంటే పేరు మీద రైట్ క్లిక్ చేసి, అటాచ్డ్ కర్సర్ అన్న చోట మొదటిదీ రెండోదీ కలిపి ఎంచుకోండి. పక్కన చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఒక్కో కర్సర్ దగ్గరి కాలం, వోల్టేజీ, రెండింటి మధ్య తేడా కనిపిస్తాయి.

ఇక్కడ తొందరపడకండి. తెర మీద మొత్తం 2 మిల్లీసెకన్లు కనిపిస్తున్నాయి. గ్రాఫ్ వెడల్పు 1000 పిక్సెల్స్ అనుకుంటే ఒక్కో పిక్సెల్ 2 మైక్రోసెకన్లు. మౌస్ ఒక పిక్సెల్ కన్నా సన్నగా కదలదు. రెండు కర్సర్ల తప్పులూ కలిస్తే 219.7 కాస్తా 216 కావచ్చు, 223 కావచ్చు. అందుకని ముందు జూమ్ చేయండి. కొలవాల్సిన అంచు చుట్టూ మౌస్‌తో పెట్టె గీస్తే అంత భాగమే తెర నిండా వస్తుంది. 300 మైక్రోసెకన్ల భాగం తెర నిండా ఉంటే పిక్సెల్‌కు 0.3 మైక్రోసెకన్. ఆ తర్వాతే కర్సర్లు జరపండి.

మొదటి కర్సర్ 0.5 వోల్టుల దగ్గర, రెండోది 4.5 వోల్టుల దగ్గర. 110.5 మైక్రోసెకన్ల దగ్గర ఒకటి, 330.3 దగ్గర ఇంకొకటి వస్తాయి. తేడా సుమారు 219.7. పెట్టెలో దశాంశం తర్వాత ఇంకా చాలా అంకెలు కనిపిస్తాయి, వాటిని రికార్డులోకి ఎక్కించకండి. పిక్సెల్ విలువ 0.3 అయినప్పుడు రెండో దశాంశ స్థానానికి అర్థం లేదు.

10 శాతం, 90 శాతం అన్నవి దేనిలో శాతాలు? తుది విలువలో. ఇక్కడ సర్క్యూట్ 1 మిల్లీసెకన్‌లో, అంటే పది టైమ్ కాన్‌స్టెంట్లలో పూర్తిగా 5 వోల్టులకు చేరింది కాబట్టి లెక్క తేలిక. ఆన్ టైమ్‌ను 200 మైక్రోసెకన్లు పెట్టి ఉంటే అవుట్‌పుట్ 4.32 వోల్టుల దగ్గరే వెనుదిరిగేది. ఆ శిఖరాన్నే తుది విలువ అనుకుని అందులో 90 శాతం తీస్తే రైజ్ టైమ్ తక్కువగా వస్తుంది.

అదే పెట్టెలో ఫ్రీక్వెన్సీ అని ఒక అంకె ఉంటుంది. మన కొలతకు అది 4.55 కిలోహెర్ట్జ్ చూపిస్తుంది. అది బ్యాండ్‌విడ్త్ (సర్క్యూట్ దాటనిచ్చే ఫ్రీక్వెన్సీల వెడల్పు) అనుకుని రాసేస్తారు. రెండు కర్సర్ల కాలం తేడాను తిరగేస్తే వచ్చే అంకె అది, అంతే. కర్సర్లు సరిగ్గా ఒక సైకిల్ దూరంలో ఉంటేనే దానికి ఫ్రీక్వెన్సీ అన్న అర్థం ఉంటుంది. బ్యాండ్‌విడ్త్ కావాలంటే 0.35ను రైజ్ టైమ్‌తో భాగించండి: 1593 హెర్ట్జ్. ఆర్‌సీ సూత్రం ప్రకారం కటాఫ్ 1591.5 హెర్ట్జ్. రెండూ దగ్గరగా వచ్చాయంటే కొలత నిలబడినట్టే.

ఇక సగటు, ఆర్‌ఎంఎస్. ట్రేస్ పేరు మీద కంట్రోల్ నొక్కి పట్టుకుని క్లిక్ చేస్తే రెండూ చెప్పేస్తుంది. చాలా సులువు. అందుకే చాలా ప్రమాదం కూడా. ఆ లెక్క తెర మీద అప్పుడు కనిపిస్తున్న భాగానికి మాత్రమే. మన ఇంటి కరెంటు తీసుకోండి, 50 హెర్ట్జ్, 325 వోల్టుల పీక్. ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. 40 మిల్లీసెకన్లు చూపించి కొలిస్తే సగటు సున్నా, ఆర్‌ఎంఎస్ 229.8. సరైన జవాబు. అదే 22.5 మిల్లీసెకన్లు చూపించి కొలిస్తే ఆర్‌ఎంఎస్ 221.5, సగటు 13.5 వోల్టులు వస్తాయి. సైన్ వేవ్‌లో డీసీ ఎక్కడిది? ఎక్కడిదీ కాదు, సైకిల్ మధ్యలో కోసేశాం. ఇంకో వింత: 25 మిల్లీసెకన్లకు ఆర్‌ఎంఎస్ సరిగ్గా 229.8 వస్తుంది, సగటు మాత్రం 41 వోల్టులు చూపిస్తుంది. అంటే ఒక అంకె సరిపోయిందని రెండోదాన్ని నమ్మడానికి లేదు. హారిజాంటల్ యాక్సిస్ మీద క్లిక్ చేసి ఎడమ, కుడి హద్దులను చేత్తో టైప్ చేయండి, పూర్తి సైకిళ్లు వచ్చేలా.

సైన్ సోర్స్‌లో ఆంప్లిట్యూడ్ అంటే పీక్ అన్నది మరవద్దు. 230 అని రాస్తే మీకు వచ్చేది 162.6 వోల్టుల ఆర్‌ఎంఎస్.

రిపుల్ దగ్గర ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు 1ఎన్4007 డయోడ్ల బ్రిడ్జ్, 1000 మైక్రో ఫారడ్, 100 ఓమ్‌ల లోడ్. మొదట్లో కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది. సున్నా నుంచి 15 వోల్టుల చిల్లర దాకా ఎక్కుతుంది. మొత్తం గ్రాఫ్ మీద పీక్ టు పీక్ అడిగితే ఆ 15 వోల్టులనే రిపుల్ అంటుంది. స్థిరపడిన భాగం, అంటే 100 మిల్లీసెకన్ల తర్వాత పూర్తి సైకిళ్లు, అక్కడే కొలవాలి. కరెంటు సుమారు 0.15 ఆంపియర్, కెపాసిటర్ ఒంటరిగా లోడ్‌ను మోసే కాలం 10 మిల్లీసెకన్లకు లోపు, కాబట్టి రిపుల్ 1.5 వోల్టుల కన్నా కాస్త తక్కువ రావాలి. ఈ చేతిలెక్క ముందే వేసుకుని పెట్టుకోండి. శిఖరానికీ శిఖరానికీ దూరం 10 మిల్లీసెకన్లు ఉండాలి, 20 వస్తే ఏదో ఒక డయోడ్ జత పనిచేయడం లేదు.

ఫ్రీక్వెన్సీ వైపు వెళ్దాం. ఏసీ అనాలిసిస్‌లో, అంటే ఫ్రీక్వెన్సీ మారుస్తూ చేసే రన్‌లో, రెండు విషయాలు. మొదటిది, మైనస్ 3 డీబీ (డెసిబెల్) అంటే దేని నుంచి మైనస్ 3? పాస్‌బ్యాండ్ నుంచి, అంటే సిగ్నల్ తగ్గకుండా దాటే భాగం నుంచి. మీ యాంప్లిఫయర్ గెయిన్ 10 అయితే పైన 20 డీబీ ఉంటుంది, కటాఫ్ 17 డీబీ దగ్గర చూడాలి. యాక్సిస్ మీద మైనస్ 3 అని రాసి ఉన్న చోట చూస్తే బ్యాండ్‌విడ్త్ ఉన్నదానికంటే చాలా ఎక్కువగా వస్తుంది.

రెండోది, మళ్లీ చుక్కలే. సిరీస్ రెజొనెన్స్ తీసుకోండి: 1 మిల్లీ హెన్రీ, 1 నానో ఫారడ్, 10 ఓమ్‌లు. రెజొనెన్స్ 159.15 కిలోహెర్ట్జ్, క్యూ (పీక్ ఎంత పదునుగా ఉందో చెప్పే అంకె) 100, కెపాసిటర్ మీద పీక్ 40 డీబీ, బ్యాండ్‌విడ్త్ 1.59 కిలోహెర్ట్జ్. స్వీప్‌ను 1 కిలోహెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి డెకేడ్‌కు (ఫ్రీక్వెన్సీ పదింతలయ్యే దూరానికి) 10 పాయింట్లు ఇస్తే చుక్కలు 125.9, 158.5, 199.5 కిలోహెర్ట్జ్‌ల దగ్గర పడతాయి. నడిమి చుక్క అదృష్టం కొద్దీ రెజొనెన్స్‌కు అర శాతం లోపే ఉంది. అయినా అక్కడ 37.7 డీబీయే కనిపిస్తుంది. ఇక బ్యాండ్‌విడ్త్ సంగతి చెప్పనక్కర్లేదు. 1.59 కిలోహెర్ట్జ్ వెడల్పును, 30 కిలోహెర్ట్జ్‌లకు పైగా ఎడం ఉన్న చుక్కలతో కొలవలేం. గ్రాఫ్ మాత్రం చక్కటి త్రిభుజంలా ముచ్చటగా కనిపిస్తుంది. ముందు పెద్ద స్వీప్ చేసి పీక్ ఎక్కడుందో చూడండి. తర్వాత 155 నుంచి 163 కిలోహెర్ట్జ్ దాకా లీనియర్ స్వీప్, 801 పాయింట్లు పెట్టండి. 10 హెర్ట్జ్‌కు ఒక చుక్క. అప్పుడు కర్సర్లు రెండూ 37 డీబీ దగ్గర పెడితే సరైన వెడల్పు దొరుకుతుంది.

కర్సర్‌తో చేసిందంతా మౌస్ చేతి మీద ఆధారపడి ఉంటుంది. పదిసార్లు కొలవాల్సి వస్తే, సిమ్యులేటర్ చేతే కొలిపించే డాట్ మెజ్ డైరెక్టివ్ వాడండి. మన రైజ్ టైమ్‌కు ఇలా టైప్ చేయాలి: డాట్ మెజ్, ట్రాన్, మీరు పెట్టుకున్న పేరు, ట్రిగ్ వి బ్రాకెట్‌లో అవుట్ ఈక్వల్ టు 0.5 రైజ్ ఈక్వల్ టు 1, టార్గ్ వి బ్రాకెట్‌లో అవుట్ ఈక్వల్ టు 4.5 రైజ్ ఈక్వల్ టు 1. రన్ అయ్యాక కంట్రోల్ ఎల్ నొక్కితే ఎర్రర్ లాగ్ తెరుచుకుంటుంది. పేరు అలా ఉందని భయపడకండి, జవాబు అందులోనే ఉంటుంది. రిపుల్‌కు పీపీ (పీక్ టు పీక్) అనే మాట, దాని వెనక ఫ్రమ్ 100 మిల్లీ, టు 200 మిల్లీ. ఏసీ అయితే ముందు మ్యాగ్నిట్యూడ్‌కు మ్యాక్స్ తీసి ఒక పేరు పెట్టండి, తర్వాత ఆ పేరును రూట్ 2తో భాగించిన విలువ ఎక్కడ దాటుతుందో అడగండి. మ్యాగ్ అనే మాట మరిస్తే కాంప్లెక్స్ విలువతో పోలిక పెట్టినట్టవుతుంది.

రైజ్ ఈక్వల్ టు 1 అన్నప్పుడు ఆ గీతను మొదటిసారి పైకి దాటిన చోటు అని అర్థం. అవుట్‌పుట్‌లో రింగింగ్ (అంచు తర్వాత ఊగిసలాట) ఉంటే ఒకే అంచు నాలుగుసార్లు దాటొచ్చు, మొదలయ్యేటప్పటి కుదుపు కూడా లెక్కలోకి వస్తుంది. గ్రాఫ్ చూడకుండా మెజ్ ఫలితాన్ని మాత్రమే తీసుకుంటే ఇది తెలియదు. ఇంకో మాట, మెజ్ కూడా దాచిన చుక్కల నుంచే లెక్కగడుతుంది. ప్లాట్‌విన్‌సైజ్ సున్నా దీనికీ కావాలి.

మెజ్ అసలు బలం స్టెప్ డైరెక్టివ్‌తో కలిపినప్పుడు. రెసిస్టర్‌ను 1 కిలో నుంచి 10 కిలోల దాకా మారుస్తూ రన్ చేస్తే, ఒక్కో విలువకూ రైజ్ టైమ్ పట్టికగా లాగ్‌లో వస్తుంది. లాగ్ మీద రైట్ క్లిక్ చేసి ఆ పట్టికనే గ్రాఫ్ వేయించుకోవచ్చు. కర్సర్‌తోనే చూస్తుంటే పైకీ కిందకీ బాణం కీలతో ఒక రన్ గీత నుంచి ఇంకో రన్ గీతకు దూకొచ్చు. ఏ గీత ఏ విలువదో కర్సర్ మీద రైట్ క్లిక్ చేస్తే చెబుతుంది. రంగు చూసి ఊహించకండి.

కరెంటు గుర్తు గురించి క్లుప్తంగా. రెసిస్టర్‌ను తిప్పి పెడితే కరెంటు మైనస్‌లో వస్తుంది. తప్పేమీ లేదు, ఏ కాలు మొదటిదన్న దాన్ని బట్టి దిశ. బ్యాటరీ శక్తి ఇస్తున్నప్పుడు దాని కరెంటు మైనస్‌లోనే ఉంటుంది. ఆల్ట్ నొక్కి పార్ట్ మీద క్లిక్ చేస్తే పవర్ గ్రాఫ్ వస్తుంది. ఎఫిషియెన్సీ లెక్కలో సోర్స్ పవర్ మైనస్‌లో వచ్చిందని కంగారుపడి సర్క్యూట్ మార్చకండి. ఎఫ్‌ఎఫ్‌టీలో, అంటే సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసి చూపే గ్రాఫ్‌లో, 1 వోల్టు పీక్ ఉన్న సైన్ మైనస్ 3 డీబీ దగ్గర కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడి లెక్క ఆర్‌ఎంఎస్‌లో. 10 మిల్లీసెకన్ల డేటా ఇస్తే 100 హెర్ట్జ్ కన్నా దగ్గరగా ఉన్న రెండు ఫ్రీక్వెన్సీలు విడివిడిగా కనిపించవు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి: సిమ్యులేషన్‌లో 219.7 వచ్చింది. అదే సర్క్యూట్ బ్రెడ్‌బోర్డు మీద పెట్టి ఆసిల్లోస్కోప్‌లో చూస్తే 230 దాటుతోంది. ఏది రాయాలి?)

రెండూ రాయండి. కానీ ముందు మీ సిమ్యులేషన్‌లో లేనిది ఏమిటో చూడండి. ఫంక్షన్ జనరేటర్ అవుట్‌పుట్‌లో 50 ఓమ్‌లు ఉంటాయి. మీరు గీసిన సోర్స్‌లో అవి లేవు. 1000 ఓమ్‌లకు 50 కలిస్తే టైమ్ కాన్‌స్టెంట్ 105 మైక్రోసెకన్లు, రైజ్ టైమ్ 230.7. మీ తేడా అక్కడే ఉండొచ్చు. 10ఎక్స్ ప్రోబ్ 10 మెగా ఓమ్‌లు, పది పదిహేను పికో ఫారడ్‌లు. 100 నానో ఫారడ్ పక్కన దాని ప్రభావం కనిపించదు. కాబట్టి సోర్స్‌కు సిరీస్‌లో 50 ఓమ్‌లు పెట్టి మళ్లీ రన్ చేయండి. అప్పటికీ తేడా మిగిలితే కెపాసిటర్‌ను ఊడదీసి ఎల్‌సీఆర్ మీటర్ మీద కొలవండి. 100 నానో అని రాసి ఉన్న సిరామిక్ కెపాసిటర్ 10 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. కొలిచిన విలువను స్కీమాటిక్‌లో వేసి మూడోసారి రన్ చేయండి.